పక్క మంచం దగ్గర పెద్దసిస్టరమ్మ

ఆ తాటి మట్టలు పక్కన పెట్టండర్రా, పొగ కళ్ళల్లోకి కొడుతోంది. కొబ్బరి డొక్కలు వెయ్యండి, నిలకడగా కాలుతుంది. ఊఁ, ఇప్పుడు కూర్చోండి. ఏమే, పండక్కి వచ్చిన దగ్గర్నుంచీ మొహం అట్టా వేలాడేసుకున్నావు? మీ అమ్మ చెప్పిందిలే. నిన్ను మెంటరుగా వేశారంట, నీకంటే ఎంతో సీనియర్లయిన స్టాఫ్ నర్సులకు నువ్వు నేర్పాలంట, వాళ్ళు నీ మాట వింటారా అని దిగులంట.

వినరు. ఎందుకు వింటారు? నేనైతే విననుగాక వినను. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల లాప్‌టాప్ తెరిచి కాన్పు ఎట్టా చెయ్యాలో చెబితే, వందల కాన్పులు చేసిన మనిషి తల ఊపి, సంతకం పెట్టి, టిఫిను తిని పోతుంది. అట్టాంటి ట్రైనింగులు నేను ఎన్ని చూశానని! కొన్నింటిలో టిఫిను మాత్రం బాగుండేది.

మీ ఫ్రెండ్సు కూడా నర్సులేగా, వింటారంటే మా బందరు రోజుల సంగతి చెబుతా.

డెబ్బయ్యొకటో రెండో అయ్యుంటుంది. ట్రైనింగు సర్టిఫికెట్టు రేకుపెట్టెలో అడుగున దాచుకుని, గుడివాడ మీదుగా పాసింజరు బండిలో వచ్చి బందరులో దిగా. పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు. అప్పుడు మీకున్న సరంజామా ఏదీ లేదు. అన్నీ గాజు సిరంజీలు. పొద్దున్నే వాటిని విడదీసి, గొట్టం నంబరూ పిస్టను నంబరూ కలిసేట్టు జతలు చూసి, గుడ్డలో చుట్టి స్టెరిలైజర్లో 20 నిమిషాలు తెర్లించాలి. జత మారిందంటే ఒకదాన్లో ఒకటి దిగదు, దిగినా మందు వెనక్కి కారుతుంది. సూదులు మొద్దుబారితే సానరాయి మీద పదును పెట్టేవాళ్ళం. పదును పెట్టాక సూదిమొనని దూది మీద లాగి చూడాలి. ఒక్క పోగు పట్టుకున్నా మొన ఇంకా వంకర ఉన్నట్టే. దాంతో పొడిస్తే కండ చీరుకుపోతుంది.

ఇవన్నీ నాకు ట్రైనింగులో చెప్పారు. పరీక్షలో రాశా, మార్కులు కూడా వచ్చాయి. కానీ చెయ్యి రాలేదు. చెయ్యి వచ్చింది పెద్దసిస్టరమ్మ దగ్గర.

ఆవిడది కేరళ. తెలుగు వచ్చీరాని తెలుగు, దాంతో మాటలు పొదుపు. సెలైను గాజుసీసా తగిలించి రబ్బరుగొట్టం కట్టాక చుక్కలు సరిచెయ్యడం నాకు కుదిరేది కాదు. ఆవిడ తిట్టలేదు, లెక్చరు ఇవ్వలేదు. చేతి గడియారం విప్పి నా అరచేతిలో పెట్టింది. అర లీటరు నాలుగు గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకు 15 చుక్కలు, మరి నిమిషానికి ఎన్ని? అని అడిగింది. నేను గోడ మీద వేలితో రాసుకుని 31 అన్నా. అయితే లెక్కపెట్టు అని పక్కన నిలబడింది. నిమిషమంతా నిలబడింది. మళ్ళీ ఇంకో నిమిషం. ఆ రెండు నిమిషాల్లో ఆవిడ నోరు మెదపలేదు, నా చేతిలోంచి క్లిప్పు లాక్కోలేదు. మీరు గమనించారో లేదో, పని బాగా వచ్చినవాళ్ళకి మహా కష్టమైన పని అదే. కొత్తపిల్ల తడబడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని చూడటం. మనం చేస్తే పావు నిమిషంలో అయిపోతుందిగదా అని చెయ్యి పెట్టేస్తాం. పెట్టామా, ఆ పిల్ల ఇంక నేర్చుకోదు.

అసలు గమ్మత్తు ఆ తర్వాత. నాకు చుక్కల లెక్క పట్టుబడిన వారానికే ఇంకో కొత్తపిల్లని తెచ్చి నా పక్కన వేసింది. "నువ్వు చెప్పు" అంది. నేను చెబుతుంటే ఆవిడ పక్క మంచం దగ్గర దుప్పటి మడతపెడుతూ ఉండేది. కళ్ళు దుప్పటి మీదే, చెవులు మాత్రం ఇటు. అయ్యాక నన్ను ఒక్క ముక్క అడిగేది కాదు. ఆ కొత్తపిల్లని పిలిచి అడిగేది. ఆ పిల్ల తప్పు చెబితే చీవాట్లు నాకు. అదీ డ్యూటీ రూములో, తలుపేసి. పేషెంటు ముందు గానీ, పేషెంటు తాలూకు జనం ముందు గానీ ఏ నర్సునీ ఒక మాట అనగా నేను చూడలేదు. పరీక్ష ఆ పిల్లకి కాదు, నాకని తెలుసుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది.

మద్రాసు జనరల్ ఆస్పత్రిలో 1871లోనే నర్సుల ట్రైనింగు మొదలైందని మా పుస్తకాల్లో ఉండేది. బందరు కూడా అప్పుడు మద్రాసు రాజధానిలోదే. అన్నేళ్ళుగా మన దేశంలో నర్సుకి పని నేర్పుతూనే ఉన్నారు. ఆ పని పక్కదానికి ఎట్టా నేర్పాలో మా ట్రైనింగులో మాత్రం ఒక్క పూట క్లాసు లేదు. పెద్దసిస్టరమ్మకి ఎవరు నేర్పారో మరి.

తర్వాత ఉప్పెన. 1977 నవంబరు 19, శనివారం, కార్తీకమాసం. బందరు వాళ్ళ ఇళ్ళల్లో 1864 నవంబరు 1 ఉప్పెన మాట తాతల నాటి కబురుగా నడుస్తుండేది, 30 వేల మంది పోయారని. అది కథ అనుకునేవాళ్ళం. దివిసీమలో సొర్లగొంది, నాగాయలంక, కోడూరు వైపు చూశాక అది కథ కాదని తెలిసింది. సర్కారు లెక్కలోనే 10 వేలకు దగ్గర ప్రాణాలు. ఆ శవాల సంగతి చెప్పను, రాత్రిపూట ఎందుకు. చిన్నపిల్లలు కూడా ఉన్నారు ఇక్కడ.

బతికినవాళ్ళ సంగతి చెబుతా. బావులన్నీ ఉప్పునీళ్ళు, కుళ్ళు. కలరా రాకుండా చూడాలి. సూదిమందులు వెయ్యడానికి నర్సులు, డాక్టర్లు ఎక్కడెక్కడినుంచో వచ్చారు. కానీ బావి బావికీ బ్లీచింగు వెయ్యడానికి ఎంతమంది నర్సులు చాలుతారు? అందుకని ఊరికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళకి నేర్పమన్నారు. పుస్తకంలో లెక్క ఇట్టా ఉంటుంది: వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి. రెండు మీటర్ల వెడల్పు బావిలో మూడు మీటర్ల లోతు నీళ్ళుంటే 9,400 లీటర్ల పైచిలుకు, అంటే పాతిక గ్రాముల లోపే. నీళ్ళు మురికైతే ఇంకా పడుతుంది. పొడిని బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రం బావిలోకి దింపి, చేదతో కలియబెట్టాలి. గంటసేపు ఎవరూ తోడకూడదు.

మా బ్యాచిలో ఒకాయన పలక మీద వెడల్పు, లోతు, మూడు పాయింటు ఒకటి నాలుగు అని రాసి చెప్పాడు. వేటకెళ్ళే కుర్రాళ్ళు గౌరవంగా విన్నారు, ఏమీ అర్థం కాలేదు. అందులో ఒక కుర్రాడు మాత్రం వెళ్ళి తాడు తెచ్చాడు. తాడుకి రాయి కట్టి బావిలో వదిలి, తడి ఎంతదాకా ఉందో మూరల్లో కొలిచి చూపించాడు. మూరకి ఎంత పొడి అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్న అదే గదా! వెడల్పుని బట్టి బావుల్ని చిన్నవి, పెద్దవి అని రెండు రకాలు చేసి, మూరకి ఇంత అని కొలత కట్టించాం. మర్నాటినుంచి పక్క ఊళ్ళకి మేం వెళ్ళలేదు. ఆ కుర్రాడే తాడు భుజాన వేసుకుని వెళ్ళాడు. మేం చెప్పిన దానికంటే వాడు చెప్పింది వాళ్ళకి త్వరగా ఎక్కింది. వాడిది వాళ్ళ మాట, వాడి తాడు వాళ్ళ తాడు.

ఇంకో నాలుగు డొక్కలు వెయ్యి నాన్నా. ఆఁ, చాలు.

ఆ తర్వాత నన్ను నాగాయలంక వైపే సబ్‌సెంటర్లో వేశారు. మంత్రసానులకి ట్రైనింగు ఇచ్చే స్కీము అప్పుడు జోరుగా నడిచేది. ఊరికో మంత్రసానిని పట్టుకొచ్చి 30 పనిదినాలు నేర్పాలి. వారంలో రెండు రోజులు సెంటర్లో క్లాసు, మిగతా నాలుగు రోజులు మాతోపాటు ఊళ్ళు తిరగాలి. కనీసం రెండు కాన్పులు మా కళ్ళ ముందు చెయ్యాలి. స్టైపెండు 300 రూపాయలు. చివర్లో ఒక సర్టిఫికెట్టు, ఒక కిట్టు. తర్వాత కాన్పు చేసి సెంటర్లో రాయిస్తే కేసుకి 10 రూపాయలు. కాగితం మీద బాగానే ఉంది.

మా దగ్గరికి వచ్చిన ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఊళ్ళో సగంమంది బొడ్డు ఆవిడ కోసిందే, మా సెంటరు ప్యూను బొడ్డుతో సహా. నాకప్పుడు పాతికేళ్ళు, పెళ్ళై పిల్లలు కూడా లేరు. నేను ఆవిడకి కాన్పు నేర్పాలి! మొదటి రోజు గోడకి బొమ్మ తగిలించి గర్భసంచి చూపిస్తుంటే ఆవిడ చుట్ట వెలిగించుకోవడానికి బయటికి పోయింది.

రెండోరోజు బొమ్మ తీసేశా. "పెద్దమ్మా, నువ్వు ఎట్టా చేస్తావో నాకు చేసి చూపించు, నేను రాసుకుంటా" అన్నా. మొదట నమ్మలేదు. తర్వాత దిండు తీసుకుని మొదలుపెట్టింది. గంటన్నర చెప్పింది. అందులో నేను వేలెత్తి చూపాల్సినవి రెండే: బొడ్డుకి కొడవలి, కోసిన చోట బూడిద. మిగతా చాలా విషయాల్లో ఆవిడే నాకు చెప్పాల్సిన మనిషి. పొట్ట మీద రెండు అరచేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని, తల ఎటుందో, వీపు ఎటుందో చెప్పేది. నేను గొట్టం పెట్టి గుండెచప్పుడు వెతుక్కునే లోపల ఆవిడ, "ఇక్కడ పెట్టుకో" అని వేలు చూపించేది. అక్కడే వినపడేది. మాయ పడలేదని తొందరపడి బొడ్డుతాడు పట్టి లాగితే నా చేతి మీద ఒకటి వేసేది. ఆ రోజుల్లో మాలో చాలామంది లాగేవాళ్ళు.

సరే, ఆ కొడవలి సంగతి. పుట్టినప్పుడు శుభ్రంగా పాలు తాగిన బిడ్డ, వారం తిరిగేలోపు నోరు తెరవలేక కొయ్యబారిపోయి, ముట్టుకుంటే విలవిల్లాడి పోవడం ఆవిడ ఎన్నో చూసింది. గాలి సోకిందని అనేవాళ్ళు. అది ధనుర్వాతమనీ, మట్టిలో పేడలో ఉండే పురుగువల్లనీ నేను చెబితే ఆవిడ వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. "మా అత్త కొడవలితోనే కోసింది, నా పిల్లలు బతికారుగా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజమేగా మరి.

అప్పుడు పెద్దసిస్టరమ్మ చేసిన పని చేశా. సెంటరుకి ఇంకో ఊరి నుంచి కొత్తగా వచ్చిన మంత్రసానిని, చిన్నదే, ముప్పై ఏళ్ళుంటాయి, ముసలమ్మకి అప్పగించా. "పెద్దమ్మా, ఈ పిల్లకి నువ్వు నేర్పు. చేతులు సబ్బుతో రుద్దడం, బ్లేడూ దారమూ తెర్లించడం కూడా నువ్వే చెప్పు, నా తెలుగు దీనికి అర్థం కావట్లేదు" అన్నా. కొంచెం అబద్ధమే, పోనీండి. ముసలమ్మ గొణిగింది. తర్వాత మూడు రాళ్ళ పొయ్యి పెట్టి సత్తుగిన్నెలో బ్లేడు వేసి, "బుడగలొచ్చాక లెక్కపెట్టు, దించితే చంపుతా" అని ఆ పిల్లని గదమాయించడం మొదలుపెట్టింది. ఇంకొకరికి నేర్పే పని మీద పడ్డాక, తను చెయ్యకుండా ఉండటం ఆవిడకి పరువు తక్కువైంది. ఆ పిల్ల ముందు కొడవలి బయటికి తియ్యలేకపోయింది. ఇద్దరూ కలిసి చేసిన మొదటి కాన్పుకి నేను వెనక పీట మీద కూర్చున్నా. చేతులు కడిగింది ముసలమ్మ, మోచేతిదాకా, గోళ్ళల్లో పుల్లతో తీసి మరీ. బొడ్డు మీద ఏమీ పెట్టలేదు. ఆ ఇంటి అత్తగారు బూడిద తెస్తే, నేను నోరు విప్పేలోపు, "ఎందుకమ్మా, ఆరిపోతుందిలే" అని వెనక్కి పంపింది.

గర్భిణులకి టీటీ సూదిమందు, ఈ శుభ్రాలు, ఆస్పత్రి కాన్పులు, ఇవన్నీ కలిసి ఆ జబ్బుని తరిమాయి. 2003లో దేశం మొత్తంలో ముందుగా తల్లీబిడ్డల ధనుర్వాతం పోయిందని తేల్చింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. దేశమంతటికీ ఆ మాట 2015లో వచ్చింది. మీరెవరైనా ఒక్క కేసు చూశారా? చూసుండరు. ఆ లెక్కలో మా ముసలమ్మ వాటా ఎంతో ఎవరూ రాయలేదు.

గుడివాడ సంగతి క్లుప్తంగా చెబుతా, నిద్రలొస్తున్నాయి పిల్లలకి. ప్రమోషన్ మీద హెల్త్ విజిటరుగా గుడివాడ అవతల ముదినేపల్లి వైపు వేశారు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వచ్చాక నలుగురు ఏఎన్ఎంలకి ఒక సూపర్వైజరని పెట్టారుగా, ఆ పని. పేరుకు నేర్పే పనే. జరిగేది రిజిస్టరు చూడటం. నాతోటి ఆవిడ ఒకరు ఊళ్ళో అడుగుపెట్టగానే పదిమంది ముందు రిజిస్టరు విసిరి కొట్టేది. ఆవిడ కింద పనిచేసే పిల్లల రిజిస్టర్లు అద్దంలా ఉండేవి. ఐస్ కరిగిపోయి పాడైన వ్యాక్సిను కూడా వేసినట్టే రాసుకునేవాళ్ళు, చెబితే ఏమవుతుందోనని. భయపెట్టి నేర్పితే దాచిపెట్టడం నేర్చుకుంటారు. నేను చూసినంతలో దీనికి తిరుగులేదు.

అక్కడే ఒక ఆరెంపీ డాక్టరు. గుడివాడ అంటే హోమియోకి పేరు, గురురాజు గారి కాలేజీ 1945 నుంచీ ఉంది. కానీ పల్లెల్లో జనానికి కావాల్సింది సూది, సెలైను. విరోచనాలని బిడ్డనెత్తుకొస్తే చాలు ఈయన సీసా కట్టేవాడు. ఓఆర్ఎస్ అంటే నవ్వేవాడు. "ఉప్పునీళ్ళకి డబ్బులెవరిస్తారమ్మా" అని మొహం మీదే అన్నాడు. నిజం చెప్పినందుకు నాకు కోపం రాలేదు.

ఆయనకి 1971 సంగతి చెప్పా. బంగ్లాదేశ్ కాందిశీకుల క్యాంపులో, బనగాఁలో, కలరా. దిలీప్ మహలనాబిస్ అని కలకత్తా డాక్టరు. సెలైను సీసాలు అయిపోయాయి, ఎక్కించే చేతులూ లేవు. ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన పొడి డ్రమ్ముల్లో కలిపించి, తల్లులకీ చుట్టాలకీ కప్పులిచ్చి తాగించమన్నాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి పడిపోయాయి. నర్సు కూడా కాని తల్లి చెయ్యగలిగినప్పుడు మీరు చెయ్యలేరా అన్నా. నా మాట కాదు, తర్వాత వారం ఒక పిల్లాడు ఆయన్ని మార్చాడు. సీసా కట్టడానికి నరం దొరకలేదు. పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే ముడత అట్టాగే నిలబడింది. గుడివాడ తీసుకెళ్ళడానికి బండి కోసం మనిషిని పంపి, అది వచ్చేదాకా చెంచాతో పట్టమన్నా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా. ఆయనే పట్టాడు. బండి వచ్చేసరికి పిల్లాడు ఉచ్చపోశాడు. ఆ ఉచ్చకి అంత సంబరపడ్డ మగాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. చుట్టుపక్కల ఆరెంపీలకి ఆ తర్వాత చెప్పింది ఆయనే. ఫీజు మాత్రం మానలేదు, చెంచాకీ తీసుకున్నాడు!

ఇక నీ సంగతి. నువ్వు నేర్పాల్సింది బ్యాగూ మాస్కూ అన్నావుగా, పుట్టగానే ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలో ఊపిరి అందించడం. 2009లో ఆ ట్రైనింగు పెట్టినప్పుడు నేను ఇంకా డ్యూటీలోనే ఉన్నా. రెండు రోజులు, రబ్బరు బొమ్మలు. మా బ్యాచిలో పెద్దనర్సు ఒకావిడ బొమ్మని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి పిర్ర మీద కొట్టింది. చెప్పడానికి వచ్చినాయన పకపకా నవ్వాడు, హాలంతా నవ్వింది. ఆవిడకి అట్టాగే నేర్పారు మరి! ఒకప్పుడు అదే రైటు. ఆ రెండు రోజులూ ఆవిడ మళ్ళీ బొమ్మ ముట్టుకుంటే ఒట్టు. సర్టిఫికెట్టు మాత్రం ఇచ్చారు. తర్వాత ఒక నైటు డ్యూటీలో మేమిద్దరమే ఉన్నప్పుడు బొమ్మ బయటికి తీశా. భుజాల కింద గుడ్డ మడత పెట్టి, గడ్డం కొంచెం పైకి, మాస్కు ముక్కూ నోరూ కప్పేట్టు. నిమిషానికి 40 నుంచి 60. ఛాతీ లేస్తోందా లేదా అదొక్కటే చూడు అన్నా. లేవలేదు. నేను చెయ్యి పెట్టలేదు. నాలుగోసారో ఐదోసారో తనే గడ్డం సర్దుకుంది, లేచింది. తెల్లారాక డే డ్యూటీ పిల్లలకి ఆవిడే చూపించింది.

అందుకని నువ్వు లాప్‌టాప్ మూసెయ్యి. ముందు వాళ్ళ నైటు డ్యూటీలకి వెళ్ళు. వాళ్ళు బాగా చేసేది ఒకటి చూసి నేర్చుకో, ఉత్తుత్తిగా కాదు, నిజంగానే. ఇప్పుడు మంత్రసాని పనిని చదువుగా కూడా పెట్టారంటగా, 2018లో కేంద్రం పద్ధతులు రాసింది, నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ కోర్సు. దానికి టీచర్లని తయారుచెయ్యడానికి వేరే ట్రైనింగు. హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆస్పత్రి వాళ్ళు అంతకు చాలా ముందే మొదలుపెట్టారు. బందరుకి 2023లో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. నాకు సంతోషమే. ఆ టీచర్లని వారం మధ్యలో అర్ధరాత్రి రెండు గంటలకి లేబర్ రూములో కనపడనిస్తే ఇంకా సంతోషం.

ముసలమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ కోడలు ఆశా కార్యకర్త అయింది. ఇప్పుడు కాన్పులు చెయ్యదు, 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకెళుతుంది, అక్కడ డాక్టర్లతో పోట్లాడుతుంది కూడా. మొన్న ఎదురుమొండి వెళ్ళే రేవులో కనపడింది. పక్కన కొత్తగా చేరిన పిల్ల. పడవ ఇంకా రాలేదు. గర్భిణిని ఎప్పుడు ఆలస్యం చెయ్యకుండా తీసుకెళ్ళాలో ఆ పిల్ల చేత చెప్పించుకుంటోంది. రక్తం పోవడం, కాళ్ళూ మొహమూ వాపు, తలనొప్పి అని ఆ పిల్ల ఆగిపోయింది. నన్ను చూసి, "బాగున్నావా నర్సమ్మా" అని పలకరించి, మళ్ళీ అటు తిరిగింది.

"తలనొప్పితో పాటు కళ్ళు ఏమవుతాయి? నేను చెప్పను, నువ్వే చెప్పు."